నీటి అడుగున స్కూటరు నేర్చుకోవడం: చెన్నై డైరీ, నవంబరు నుంచి మార్చి వరకు

నవంబరు 9

మా బావా నేనూ చెరి సగం వేసుకుని కొన్న పాత స్కూటరు నిన్న రాత్రి వలసరవాక్కంలోని వాళ్ళింటికి చేరింది. స్కూటరంటే రోడ్డు మీద తిరిగేది కాదు. స్కూబా డైవర్లు నీటి అడుగున పట్టుకుని వెళ్ళే యంత్రం. చూడడానికి లావుపాటి టార్పెడోలా ఉంటుంది: ముందు గుండ్రటి ముక్కు, మధ్యలో బ్యాటరీ, వెనక మోటారు, దాని చివర ప్రొపెల్లరు, ప్రొపెల్లరు చుట్టూ కంకణంలాంటి కవచం, పైన ట్రిగ్గరున్న పిడి. కాటా మీద పెడితే 15.6 కిలోలు తూగింది.

ఇద్దరికీ డైవింగు కొత్త కాదు. నాకు సర్టిఫికేటు వచ్చి నాలుగేళ్ళయింది, లాగ్‌బుక్కులో 70 పైచిలుకు డైవ్‌లున్నాయి. అయినా చెన్నై పక్కనున్న కోవలం దగ్గర దిగిన ప్రతిసారీ ఒకటే బాధ. అక్కడ రాతి గుట్టలు ఒకదానికొకటి దూరదూరంగా ఉంటాయి. ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు ప్రవాహానికి ఎదురుగా, కాళ్ళకు తొడుక్కున్న ఫిన్లు కొట్టుకుంటూ వెళ్ళేసరికి సిలిండరులో గాలి సగం ఖర్చయిపోతుంది, చూడవలసింది చూడకుండానే పైకి రావలసి వస్తుంది. ఆ దారి ఖర్చు తగ్గించుకోవాలన్నదే ఈ ప్రయత్నం. ఈశాన్య రుతుపవనాలు వెళ్ళేదాకా సముద్రం మురికిగానే ఉంటుంది కాబట్టి, ఆ లోపల యంత్రాన్ని ఇంట్లోనూ ఈతకొలనులోనూ పూర్తిగా తెలుసుకుని, ఫిబ్రవరిలో సముద్రంలోకి దిగాలని నిర్ణయించుకున్నాము. బావ నేర్చుకోవడానికి మా శిక్షకుడు తన స్కూటరు ఇస్తానన్నారు. ఆయనది సూళ్ళూరుపేట వైపు, మేము మాస్టారూ అని పిలుస్తాము.

నవంబరు 16

బ్యాటరీ పరీక్ష చేశాము. లేబులు మీద 25.9 వోల్టులు, 15 ఆంపియర్-అవర్లు అని ఉంది. గుణిస్తే సుమారు 388 వాట్-అవర్లు. అమ్మినతను బ్యాటరీ కొత్తదేనని చెప్పాడు గానీ, నీటి అడుగున నమ్మవలసినది అమ్మినవాడి మాటను కాదు, కొలతను. పుదుప్పేటలో లారీ హెడ్‌లైట్లకు వాడే 24 వోల్టుల బల్బులు నాలుగు కొని, చెక్కపలక మీద వరసగా బిగించి, మధ్యలో వాట్‌మీటరు పెట్టి, డాబా మీద వెలిగించి కూర్చున్నాము. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకున్నాము, ఎందుకంటే లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం తేలిక కాదు. సగటున 290 వాట్లు లాగుతూ బల్బులు 62 నిమిషాలు వెలిగాయి. ఆ తరువాత బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు తనంతట తానే కరెంటు ఆపేసింది. అంటే చేతికొచ్చింది సుమారు 300 వాట్-అవర్లు, లేబులు చెప్పిన దానిలో 77 శాతం.

బాధ పడ్డాము గానీ యంత్రాన్ని తిప్పి పంపాలనుకోలేదు. అసలు సామర్థ్యం తెలిసింది కదా, ఇకమీద మా లెక్కలన్నీ 300 మీదే నడుస్తాయి. ఏటా నవంబరులో ఇదే పరీక్ష మళ్ళీ చేయాలని డబ్బా మీద తేదీ రాసి అంటించాను.

ఈ బ్యాటరీతో ఇంకో సంగతి ముందే తేలిపోయింది. విమానంలో ప్రయాణికులు తీసుకెళ్ళగలిగే లిథియం బ్యాటరీకి 100 వాట్-అవర్ల దాకా అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి, 160 దాటితే ఇక వీలు లేదు. కాబట్టి మా స్కూటరు పోర్ట్ బ్లెయిరుకు (ఇప్పటి శ్రీ విజయపురం) మాతో పాటు ఎగరదు. తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కారులో ఎంత దూరం వెళ్ళగలిగితే అంతే దాని ప్రపంచం.

నవంబరు 23

ఇవాళంతా ఓ-రింగులతోనే సరిపోయింది. ముక్కు భాగం, ఒంటి గొట్టం కలిసే చోట రెండు నల్లటి రబ్బరు వలయాలుంటాయి. యంత్రంలోకి నీళ్ళు రాకుండా ఆపేది అవే. బ్యాటరీ తీసేసి, దాని బరువుకు సమానంగా సీసం పెట్టి, లోపల నాలుగు వైపులా టిష్యూ కాగితాలు అంటించి, కొలనులో లోతైన వైపు 20 నిమిషాలు ఉంచి తీశాము. మూడు కాగితాలు పొడిగా ఉన్నాయి. నాలుగోదాని అంచున అర్ధరూపాయంత తడి మచ్చ కనిపించింది.

వలయాన్ని తీసి, కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా జరుపుతూ పోయాను. మూడు వంతులు నున్నగా జారింది. ఒక చోట గోటికి ఏదో తగిలినట్టనిపించి టార్చి వెలుగులో చూస్తే, సిలికాన్ గ్రీజులో అతుక్కుని ఒక వెంట్రుక ఉంది, అర అంగుళం కూడా లేదు. మూడున్నర మీటర్ల లోతులో ఆ వెంట్రుక పక్క నుంచి ఒక చుక్క వచ్చిందంటే, పన్నెండు మీటర్లలో వచ్చే నీరు నేరుగా బ్యాటరీ దాకా వెళ్ళేది. వలయాన్నీ, అది కూర్చునే గాడినీ నూలు దారాలు రాలని గుడ్డతో తుడిచి, గ్రీజు మెరుపు కనిపించేటంత మాత్రమే రాసి మళ్ళీ ముంచాము. ఈసారి నాలుగు కాగితాలూ పొడిగా వచ్చాయి. గ్రీజు ఎక్కువ రాస్తే ఎక్కువ కాపాడుతుందని మొన్నటిదాకా నేనూ అనుకునేవాణ్ణి. నిజానికి ఎక్కువైన గ్రీజు ఇసుకనూ వెంట్రుకలనూ పిలిచి కూర్చోబెట్టుకుంటుంది.

డిసెంబరు 14

తుపాను హెచ్చరికల వల్ల కొలను మూసేయడంతో రెండు వారాలు పోయాయి. ఇవాళ మొదటిసారి ట్రిగ్గరు నొక్కాను.

స్కూటరును చేతులతో పట్టుకుని వేలాడాలని నేననుకున్నాను. అది తప్పు. డైవరు నడుము పట్టీ నుంచి కాళ్ళ మధ్యగా వచ్చే పట్టీకి ముందు వైపు ఒక డి-రింగు ఉంటుంది. స్కూటరు నుంచి వచ్చే తాడును కొక్కెంతో దానికి తగిలిస్తే, యంత్రం లాగే లాగుడంతా నడుము మీద పడుతుంది. చేతికి మిగిలే పని దిశ చూపించడం, ట్రిగ్గరు నొక్కడం, అంతే. మొదటి మూడు చుట్లలో నా కుడి భుజం పీకింది. మాస్టారు నీళ్ళపైకి రమ్మని సైగ చేసి, "చెయ్యి నొప్పి పుడుతోందంటే తాడు పొడవుగా ఉందండీ. నాలుగు వేళ్ళు తగ్గించండి. మోచెయ్యి కొంచెం వంగి ఉండాలి, వేళ్ళు పిడి మీద ఊరికే ఆని ఉండాలి" అన్నారు.

తగ్గించాను. బావ తన తాడును ఇంకా తగ్గించుకున్నాడు. అప్పుడు ప్రొపెల్లరు వెనక్కి తోసే నీరు తిన్నగా అతని ఛాతీకి కొట్టి, వేగం సగానికి పడిపోయింది. ఆ నీటిధార పొట్ట కిందుగా వెళ్ళిపోవాలి. అలా వెళ్ళే ఎత్తు, పొడవు ఎవరి ఒంటికి వారు వెతుక్కోవలసిందే. మాకు ఆరు చుట్లు పట్టింది, దొరికిన చోట తాడుకు ముడి వేసి గుర్తు పెట్టుకున్నాము.

కుడిచేతిలోనే ట్రిగ్గరు ఎందుకని బావ అడిగాడు. బీసీడీలో, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులో, గాలి నింపే మీట ఎడమ భుజం వైపు వేలాడుతుంది. చెవుల ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు నొక్కవలసింది కూడా ఖాళీగా ఉన్న చేత్తోనే. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

ప్రొపెల్లరు ఒకటే ఉండడం వల్ల అది తిరిగే దిశకు వ్యతిరేకంగా యంత్రం మొత్తం ఒరగాలని చూస్తుంది. మణికట్టుతో ఆపబోతే రెండు నిమిషాల్లో అలసట వస్తుంది. మోచేతిని పక్కటెముకలకు కాస్త దగ్గరగా ఉంచితే ఒళ్ళంతా కలిసి ఆపుతుంది. దీన్ని మాటల్లో చెప్పడం కష్టం, పది చుట్లు తిరిగితే ఒళ్ళు తానే పట్టుకుంటుంది.

జనవరి 4

వేగం కొలిచాము. 25 మీటర్ల కొలనులో స్కూటరుతో 36 సెకన్లు, అంటే నిమిషానికి దాదాపు 42 మీటర్లు. అదే దూరం పూర్తి సామగ్రితో ఫిన్లు కొట్టుకుంటూ, ఆయాసపడకుండా వెళితే 95 సెకన్లు, అంటే నిమిషానికి 16 మీటర్లకు కాస్త తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూశాకే ఈ విద్యలోని అసలు చిక్కు నాకు బోధపడింది.

పది నిమిషాలు స్కూటరు మీద వెళ్ళామనుకుందాము: 420 మీటర్లు. అక్కడ మోటారు ఆగిపోతే, తిరిగి పడవ దాకా ఈదడానికి 26 నిమిషాలు పైన పడుతుంది. 12 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీదికన్నా 2.2 రెట్లు, ఈదేటప్పుడు ఉపరితలం లెక్కన నాకు నిమిషానికి 18 లీటర్ల గాలి ఖర్చవుతుంది కాబట్టి ఆ లోతులో దాదాపు 40 లీటర్లు. 26 నిమిషాలకు 1040 లీటర్లు. మా 12 లీటర్ల సిలిండరులో అది 87 బార్ (బార్ అంటే సిలిండరులోని గాలి ఒత్తిడికి కొలత). బావకు గాలి అందక ఇద్దరమూ ఒకే సిలిండరు మీద రావలసి వస్తే దానికి రెట్టింపు, 174 బార్. బయలుదేరేటప్పుడు ఉండేదే 200. అంటే పది నిమిషాల ప్రయాణం మాకు చెల్లదు. ఆరు నిమిషాలకు కుదిస్తే, 250 మీటర్లు, తిరుగు ఈతకు దాదాపు 16 నిమిషాలు, ఒక్కరికి 53 బార్, ఇద్దరికి 106. పైకి వచ్చే దారికీ ఆపదకూ చేతిలో మిగులు ఉంటుంది. బ్యాటరీ గంటసేపు తిప్పగలిగినా సరే, మేము వెళ్ళే దూరాన్ని మా కాళ్ళూ మా సిలిండర్లూ నిర్ణయించాలి. 6 నిమిషాలు అని పలక మీద రాసి స్కూటరు పిడి పక్కన కట్టాను.

మోటారు ఆగిపోవడం ఊహకు మాత్రమే పరిమితమైనది కాదు. 1941 డిసెంబరు 19 తెల్లవారుజామున ఆరుగురు ఇటలీ నావికులు మూడు టార్పెడోల మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని అలెగ్జాండ్రియా రేవులోకి చొరబడి, క్వీన్ ఎలిజబెత్, వేలియంట్ అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలను దెబ్బతీశారు. వారిలో లుయీజీ డ్యురాండ్ డె లా పెన్నె యంత్రం నౌక దగ్గరికి చేరకముందే మొరాయించింది. మిగిలిన దూరం అతను దాన్ని ఒంటి బలంతోనే నౌక కిందికి చేర్చాడు. మేము వాడే స్కూటర్లకు ఒక విధంగా పెద్దన్నలు ఆ టార్పెడోలే.

జనవరి 18

నీటిలో వదిలేస్తే స్కూటరు పైకీ పోకూడదు, కిందికీ పడకూడదు. కొలనులో వదిలితే మా యంత్రం బుడుంగున పైకి వచ్చేసింది. లోపల, ముక్కు వైపు కొద్దికొద్దిగా సీసం ముక్కలు పెడుతూ పోయాము. 700 గ్రాముల దగ్గర అది నీటి మధ్యలో నిలబడి, ఆలోచించుకుంటున్నట్టు ఉండి, చాలా నెమ్మదిగా అడుగుకు దిగింది. ముక్కు కిందికి వాలకుండా, తోక వాలకుండా అడ్డంగానే దిగింది. ఆ సాయంత్రం ఎంత సంతోషించామో చెప్పలేను.

ఫిబ్రవరి 8

కోవలం. తెల్లవారి ఆరున్నరకు పడవ బయలుదేరింది. నీరు పచ్చగా ఉంది, దృశ్యత అయిదు మీటర్లు.

కొలనులో అంత చక్కగా కుదిరిన సమతూకం సముద్రంలో కుదరలేదు. ట్రిగ్గరు వదిలిన మరుక్షణం స్కూటరు ముక్కు పైకెత్తి, తాడు బిగిసేదాకా లేచి, నా గడ్డం దగ్గరికి వచ్చి నిలిచింది. దాన్ని కిందికి నొక్కి పట్టుకోవడంతోనే డైవ్ అంతా గడిచింది. తప్పు యంత్రానిది కాదు, నాది. ఉప్పునీరు మంచినీటికన్నా రెండున్నర శాతం దాకా బరువైనది, 16.3 కిలోల నీటిని తొలగించే వస్తువుకు ఆ తేడా సుమారు 400 గ్రాములు. నేను సముద్రంలోకి దిగేముందు నా నడుము బెల్టులో సీసం పెంచుకోవడం ఎన్నడూ మరచిపోలేదు, యంత్రానికి కూడా అదే సూత్రమన్న ఆలోచన మాత్రం రాలేదు. మధ్యాహ్నం ఒడ్డున కొబ్బరిచెట్ల నీడలో ముక్కు విప్పి, ఓ-రింగులు మళ్ళీ వేళ్ళతో తడిమి చూసి, 400 గ్రాములు చేర్చాము. రెండో డైవ్‌లో వదిలిన చోటే ఉంది. ఇప్పుడు కొలను సీసం ఒక సంచిలో, సముద్రపు సీసం ఇంకో సంచిలో విడిగా ఉన్నాయి.

ఎండలో ఉన్న కారులో బ్యాటరీ వదిలేయకూడదని కూడా ఇవాళే గట్టిగా అనుకున్నాము. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు; మాది ఇంటికి తెచ్చి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. రాత్రి పదింటిదాకా ఫ్యాను కింద చల్లారనిచ్చి అప్పుడు ఛార్జరు తగిలించాము.

ఫిబ్రవరి 22

దిశ కన్నా లోతును పట్టుకోవడం కష్టం. ఫిన్లు కొట్టేటప్పుడు ఒళ్ళు చెబుతుంది, పైకి వెళుతున్నామో కిందికి వెళుతున్నామో. స్కూటరు మీద కాళ్ళు ఊరికే ఉంటాయి, పచ్చటి నీటిలో అడుగూ కనపడదు, ఉపరితలమూ కనపడదు. ఒకసారి లోతు చూపే డైవ్ కంప్యూటరు బీప్ అన్నాక చూసుకుంటే 12 మీటర్ల నుంచి 8 మీటర్లకు వచ్చేశాను, నాకు తెలియనే లేదు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. పైకి రావడానికి మేము పాటించే హద్దు నిమిషానికి 9 మీటర్లు. యంత్రం నిమిషానికి 42 మీటర్లు పోతుంది. ముక్కును 12 డిగ్రీలు పైకెత్తితే చాలు, ఆ హద్దుకు చేరిపోతాము. గడియారం ముఖం మీద 12 డిగ్రీలంటే పెద్ద ముల్లు రెండు నిమిషాల్లో కదిలే దూరం. అంత చిన్న వాలును పచ్చటి నీటిలో కంటితో కనిపెట్టడం ఎవరివల్లా కాదు. ఊపిరి బిగబట్టి అలా పైకి వచ్చేస్తే ఊపిరితిత్తుల్లో వ్యాకోచించే గాలి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి మాస్టారు నియమం పెట్టారు: పైకి వచ్చే పని ట్రిగ్గరుతో చేయకూడదు. మోటారు ఆపి, స్కూటరును కాళ్ళ వెనక తగిలించి, మామూలు డైవరులాగానే, నిలకడగా పైకి రావాలి. దిగేటప్పుడు కూడా అంతే. మోటారు దింపే వేగానికి చెవులు సర్దుకోలేవు. పిడి పక్కన పలక మీద ఇప్పుడు లోతు చూపే కంప్యూటరు కూడా కట్టి ఉంది, చూపు దాని మీద నుంచి మూడు నాలుగు సెకన్లకు మించి పోవడం లేదు.

దృశ్యతకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. నిమిషానికి 42 మీటర్లంటే సెకనుకు 0.7 మీటరు. అయిదు మీటర్లు కనిపిస్తే ఎదురుగా ఉన్న రాయి తగలడానికి ఏడు సెకన్లు. మూడే మీటర్లు కనిపిస్తే నాలుగు. మూడుకన్నా తక్కువ కనిపించిన రోజు స్కూటరు పడవలోనే ఉంటుందని నిర్ణయించుకున్నాము.

మార్చి 8

ఇవాళ్టిది వివరంగా రాయాలి. రెండో గుట్ట దాటాక మోటారు శబ్దం ఉన్నట్టుండి లావైంది, పిడి వణికింది. ట్రిగ్గరు వదిలేశాను. కవచంలోకి చూస్తే ఆకుపచ్చ నైలాను వల తునక, ఎప్పుడో తెగి రాళ్ళకు పట్టుకుని ఊగుతున్నది, ప్రొపెల్లరు ఇరుసుకు మూడు నాలుగు చుట్లు బిగిసింది. రెండో కొస ఇంకా రాయికే ఉంది. అంటే తాడుతో స్కూటరుకు, స్కూటరుతో వలకు, వలతో రాయికి నేను కట్టబడి ఉన్నాను.

మొదట చేసిన పని తాడు కొక్కెం విప్పడం. డిసెంబరు నుంచి కళ్ళు మూసుకుని విప్పడం సాధన చేస్తున్నాము, చెయ్యి తానే వెళ్ళింది. తరువాత యంత్రం స్విచ్చి ఆపాను. స్విచ్చి ఆపకుండా ప్రొపెల్లరులో వేళ్ళు పెట్టకూడదు. బావ వచ్చి రాతివైపు వలను కత్తెరతో కోశాడు. చుట్టుకున్న దారం అక్కడే కోయబోతే ఇంకా బిగిసేలా ఉందని, అలాగే వదిలి, యంత్రాన్ని వెనక తగిలించుకుని ఈదుకుంటూ బయలుదేరాము. బావ తన స్కూటరుతో నన్ను లాగుతానని సైగ చేశాడు. వద్దన్నాను, దూరం 140 మీటర్లే, లెక్క నిజమా కాదా చూసుకోవాలనిపించింది. తొమ్మిది నిమిషాల్లో లంగరు తాడు దగ్గరికి చేరాము. నా ఖర్చు 31 బార్. కాగితం మీది లెక్క 30 అని చెప్పింది.

పడవ నడిపే అన్న ఆ వల ముక్కను చేతిలోకి తీసుకుని, అది ఏ వలదో దాని కన్ను, అంటే వల రంధ్రం, చూసి చెప్పాడు. కోసి తెచ్చిన ముక్కలన్నీ ఒడ్డుకు తెచ్చాము, నీళ్ళలో వదలలేదు. అవి అక్కడే ఉంటే ఇంకో ప్రొపెల్లరుకో, ఇంకో తాబేలుకో చుట్టుకుంటాయి.

మార్చి 29

ఆరు నిమిషాలు పూర్తిగా వాడుకున్న మొదటి రోజు. దృశ్యత ఎనిమిది మీటర్లు, ప్రవాహం మందం. మోటారు నడిపేటప్పుడు నా ఊపిరి ఖర్చు ఉపరితలం లెక్కన 14 లీటర్లే వచ్చింది, ఈతలో 18 అయ్యేది. మూడో గుట్ట దగ్గర, ఎన్నోసార్లు గాలి చాలక వెనుదిరిగిన చోట, 170 బార్‌తో దిగాము. ట్రిగ్గరు వదలగానే మోటారు రొద పోయి, రాళ్ళ మధ్య రొయ్యలు చిటపటలాడే శబ్దం వినిపించింది. స్కూటర్లను అడుగుకు ఒక మీటరు పైనే ఉంచాము. అంతకన్నా దిగితే ధార తగిలి ఒండ్రు లేచి, వెనక వచ్చేవారికి ఏమీ కనిపించదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు కనిపించింది. ఈ తీరంలో అవి జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి. బావ నాకన్నా ముందే మోటారు ఆపేశాడు. ఇద్దరమూ కదలకుండా నిలబడ్డాము. అది మా పక్క నుంచే, తొందర లేకుండా, ఒడ్డు వైపు వెళ్ళిపోయింది. కనుమరుగయ్యాక కూడా మేము ట్రిగ్గరు నొక్కలేదు. మిగిలిన 60 మీటర్లు ఫిన్లతోనే వచ్చి, లంగరు తాడు పక్కన 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, 95 బార్‌తో పైకి వచ్చాము.

స్కూటరును మంచినీటితో కడిగి, ట్రిగ్గరు స్ప్రింగులో చేరిన ఇసుకను పళ్ళ బ్రష్షుతో తీసేశాను. బ్యాటరీ సగం ఛార్జి మీద ఉంది. వచ్చే రెండు వారాలు డైవ్ లేదు కాబట్టి అలాగే సగంలోనే ఉంచి అలమరలో పెట్టాను.